ఆరుతడి

పొద్దున ఐదున్నరకు నా చేతిలో చెంబు ఉంటుంది. తులసికి కొన్ని నీళ్లు, పూజగదిలో బొటనవేలంత శివలింగం మీద కొన్ని, మిగిలినవి కిటికీ దగ్గరి ఆర్కిడ్‌కు పోసేదాన్ని. నేను తెలుగు టీచరుగా రిటైరైన రోజున మా అబ్బాయి హైదరాబాదు నుంచి ఒళ్లో పెట్టుకుని తెచ్చిన మొక్క అది. తెల్లటి రేకులు, నడుమ పసుపు నాలుక. పేరు ఫెలనాప్సిస్. చిమ్మటలా కనిపించేది అని గ్రీకులో అర్థమట. కామారెడ్డిలో మా గల్లీలో అట్లాంటి పువ్వు ఎవరింట్లోనూ లేదు. చూడవచ్చిన వాళ్లందరికీ చాయ్ పెట్టి మరీ చూపించాను.

రెండు నెలలకు పూలు రాలాయి. తర్వాత ఆకులు మెత్తబడి ముడతలు పడ్డాయి. తడి అందని మక్క చేను మధ్యాహ్నం ఎట్లా వాలుతుందో అట్లా వాలాయి. పాపం, దాహమేసిందనుకున్నాను. ఒక చెంబు రెండు చెంబులైంది. ఆకులు ఇంకా వాలాయి. సాయంత్రం కూడా పోయడం మొదలుపెట్టాను. పోస్తూ పోస్తూ పంచాక్షరి కూడా చదివేదాన్ని. అంత భక్తిగా చంపుతున్నానని నాకేం తెలుసు?

చివరికి దాన్ని సంచిలో పెట్టుకుని ఎల్లారెడ్డి బస్సెక్కాను. మా అన్నకు అక్కడ పోచారం కాలువ కింద మూడెకరాల పొలం ఉంది. ఆర్కిడ్ అనే పేరు ఆయన ఎన్నడూ వినలేదు. కుండీ చేతిలోకి తీసుకుని బరువు చూశాడు. వాకిట్లో వంచాడు. గ్లాసెడు నీళ్లు, మురిగిన వాసనతో బయటికొచ్చాయి.

"ఇండ్ల వరి నాటినవా చెల్లె?" అన్నాడు.

పూలపూల పింగాణీ కుండీ. అందం చూసి నేనే కొని, మొక్కను అందులో దించాను. అడుగున చిల్లు లేదు. అన్న మొక్కను మెల్లగా ఊడదీశాడు. వేర్ల చుట్టూ కుక్కిన నాచు పిండితే కారేలా ఉంది. ఒక వేరును రెండు వేళ్ల మధ్య పెట్టి లాగాడు. పైతొక్క చిక్కుడుకాయ ఈనెలా జారిపోయి లోపల దారం మిగిలింది. పదకొండు వేర్లలో గట్టిగా ఉన్నవి మూడే.

"వేరుకుళ్లు. ఇది వరి గాదు, ఆరుతడి పంట. తడవాలె, మళ్ల ఆరాలె. ఆరినప్పుడే వేరు ఊపిరి తీసుకునేది."

నలభై ఏళ్లుగా మక్కకు, పల్లికి వాడుతున్న మాటను ఆయన మారు ఆలోచన లేకుండా ఆర్కిడ్‌కు వాడేశాడు. తర్వాత చదివి చూస్తే అక్షరాలా నిజం. ఈ మొక్కలు ఆగ్నేయాసియా అడవుల్లో చెట్ల కొమ్మలను పట్టుకుని బతుకుతాయి. వాన తడుపుతుంది, గాలి ఆరబెడుతుంది. వేరు మీద స్పాంజిలాంటి పొర ఉంటుంది. చినుకు పడితే చటుక్కున పీల్చుకుంటుంది. ఎప్పుడూ తడిలోనే ఉంచితే గాలాడక కుళ్లుతుంది. కుళ్లిన వేరు నీళ్లు తాగలేదు కనుక ఆకు వాలుతుంది. దాహంతో ఉన్న మొక్కా, మునిగిపోతున్న మొక్కా ఒక్క తీరుగానే తల వాలుస్తాయన్నమాట. నేను ఆకు మొహమే చూశాను, వేరును అడగలేదు.

అబ్బాయి ఫోన్లో చెబుతుంటే అన్న చేశాడు. కత్తెరను మంట మీద కాల్చి చచ్చిన వేర్లు కోశాడు. కోసిన చోట వదిన దాల్చినచెక్క పొడి అద్దింది. ఒక రోజంతా నీడన ఆరనిచ్చాం. నీళ్ల సీసా కింది సగం కోసి, కాల్చిన మేకుతో చుట్టూ చిల్లులు పెట్టి, బొగ్గు ముక్కలూ కొబ్బరి పీచు ముక్కలూ వదులుగా నింపి అందులో కూర్చోబెట్టాం. కొత్త వేరు వచ్చేదాకా ఎరువు వద్దన్నాడు అబ్బాయి. మూడు వేర్ల మొక్కకు అది బలం కాదు, భారం.

ఆ రాత్రి అన్న ఇంట్లో నిద్ర పట్టలేదు. వాకిట్లో మామిడిచెట్టు కొమ్మకు బదనిక పట్టింది. అది చెట్టు రసం పీల్చి బతుకుతుంది. ఆర్కిడ్ చెట్టును చోటు తప్ప ఏమీ అడగదు. అమరకోశంలో బదనికను చెప్పే 'వందా' అనే మాటకు వృక్షరుహ అనీ, వృక్షాదని అనీ పర్యాయపదాలున్నాయి. చెట్టు మీద మొలిచేది ఒకటి, చెట్టును తినేది ఒకటి. తర్వాతి కాలంలో వృక్షశాస్త్రజ్ఞులు ఆ వందానే తీసుకుని ఒక ఆర్కిడ్ ప్రజాతికి పేరుగా పెట్టారు. ఈ పర్యాయపదాలు పిల్లలకు వల్లె వేయించినప్పుడు తట్టని సంగతి ఆ రాత్రి తట్టింది. పైనుంచి చూస్తే రెండూ ఒక్కలాగే పచ్చగా ఉంటాయి. మరి నా సేవ ఏ రకం? అది మొక్క పక్కన బతికిందా, మొక్కను తిన్నదా?

పాత్రమెరిగి దానం, క్షేత్రమెరిగి విత్తనం అని మన సామెత. గీత పదిహేడో అధ్యాయం దానాన్ని మూడుగా విడదీస్తుంది. చోటూ, కాలమూ, పాత్రా చూసి, బదులు ఆశించకుండా ఇచ్చేది సాత్వికం. ప్రతిఫలం మీద కన్నేసి ఇచ్చేది రాజసం. చోటూ కాలమూ పట్టించుకోకుండా, అపాత్రులకు, చిన్నచూపుతో ఇచ్చేది తామసం. ఇన్నేళ్లూ అపాత్రదానం అంటే తప్పు పుచ్చుకున్నవాడిదే అనుకున్నాను. తాగుబోతుకు పైసలివ్వడం లాంటిదని క్లాసులో ఉదాహరణ కూడా చెప్పేదాన్ని. మా ఇంట్లో అపాత్ర నిజంగానే పాత్ర: చిల్లులేని కుండీ. దాన్ని ఎంచింది నేను. పోసిన ప్రతి చెంబు వెనకా మళ్లీ పూస్తుంది, మళ్లీ నలుగురూ చూస్తారు అన్న లెక్క ఉంది. మొక్క దాహం కన్నా నా దాహం పెద్దది.

శివుణ్ణి అభిషేకప్రియుడంటాం. ఎన్ని బిందెలు పోసినా వద్దనడు. కానీ ఆయనకు పానవట్టం ఉంది. పోసిన నీరు పోసినట్టే బయటికి వెళ్లిపోతుంది. మా పోచారానికి మత్తడి ఉంది. 1922లో పూర్తైన చెరువది. 2025 ఆగస్టు 27న, వినాయక చవితినాడు, కామారెడ్డి మీద ఆకాశం కూలినట్టు వాన పడింది. కాలనీలు మునిగాయి, రైలు పట్టాల కింద కంకర కొట్టుకుపోయింది. ఆ వరదలో పోచారం మత్తడి దుంకింది, కట్ట నిలబడింది. దేవుడికీ చెరువుకూ పెట్టిన దారిని నేను మొక్కకు పెట్టలేదు.

మొక్కకే అయితే ఇంత బాధపడేదాన్ని కాదు. పదో తరగతిలో ఒక పిల్లవాడు తెలుగులో వెనకబడితే రోజూ బడి అయ్యాక గంటసేపు కూర్చోబెట్టేదాన్ని. వాడు తల వాల్చుకుని కూర్చునేవాడు. సరిపోవడం లేదనుకుని ఇంకో అరగంట పెంచాను. ఇంటికెళ్లి బర్లను కట్టేయాల్సింది వాడేనని, ఆలస్యమైతే దెబ్బలు పడతాయని, వాడు బడి మానేశాక తెలిసింది. ఆ గంటన్నరకు నేను ఒక్క పైసా తీసుకోలేదు. వాడు పాసైతే నా సబ్జెక్టు నూటికి నూరు శాతం అయ్యేది, అంతే.

పాత్ర చూడాలన్న మాట పిసినారికి భలే అక్కరకొస్తుందని నాకు తెలుసు. గుమ్మంలో చెయ్యి చాచినవాణ్ణి పైనుంచి కిందికి చూసి తలుపేసుకునేవాళ్లు ఇదే సామెత చెబుతారు. అన్న మాత్రం నా మొక్కకు నీళ్లు మానెయ్యమనలేదు. యాసంగిలో ఆరుతడికి కాలువ నీళ్లు వదులుతారు, కానీ ఆరాక వదులుతారు. ఇవ్వాలా వద్దా అన్నది కాదు పాత్ర చూడడం. ఎంత, ఎప్పుడు, ఏ దారిన అన్నది. అందుకు ఎదుటి ప్రాణం దగ్గర కాసేపు ఖాళీ చేతులతో కూర్చోవాలి. నాకు చేతగానిది అదే.

ఇప్పుడు సీసా గోడలోంచి వేర్లు కనిపిస్తాయి. పచ్చగా ఉంటే తడి ఉన్నట్టు. వెండిరంగుకు తిరిగితే పది నిమిషాలు నీళ్లలో ఉంచి, పూర్తిగా కారనిచ్చి, కిటికీలో పెడతాను. ఆకుల నడిబొడ్డున చుక్క నిలిస్తే దూదితో అద్దుతాను. రెండు నెలలకు ఆకుపచ్చ మొనతో ఒక కొత్త వేరు వచ్చింది, బియ్యపుగింజంత. ముడత పడ్డ ఆకులు నిటారు కాలేదు, ఇక కావు. పువ్వు సంగతి అడగడం మానేశాను.

పొద్దున తులసికి పోశాక, లింగం మీద పోశాక, చెంబులో కొన్ని నీళ్లు మిగులుతాయి. కాళ్లు కిటికీ దగ్గరికే పోతాయి. ఈ రోజు సీసా ఎత్తి చూశాను. బరువుగానే ఉంది, వేరు పచ్చగానే ఉంది. మిగిలిన నీళ్లు నేనే తాగేశాను.