కొన్నవాడి వంతు

అమ్మకంలో మోసం జరిగితే పాపం అమ్మినవాడిదేనా, కొన్నవాడికీ అందులో వంతు ఉంటుందా అన్న ప్రశ్న ధర్మశాస్త్రాలంత పాతది. అయినా హైటెక్ సిటీ, గచ్చిబౌలి ప్రాంతాల్లో ఉద్యోగాలు చేస్తూ, నిజాం నాణేలను ఫోన్‌లో ఫొటో చూసి తెప్పించుకునే సేకరణకర్తలకు అది ఇవాళ్టి ప్రశ్న.

నిజాం మీర్ మహబూబ్ అలీ ఖాన్ హయాం చివరి ఏళ్లలో మొదలైన చార్మినార్ రూపాయి 11.18 గ్రాముల వెండి నాణెం. దాని మీది చార్మినార్ గుమ్మంలో పాలకుడి పేరులోని తొలి అక్షరం, మహబూబ్‌కు 'మీమ్', 1911లో గద్దెనెక్కిన ఉస్మాన్ అలీ ఖాన్‌కు 'ఐన్', కనిపిస్తుంది. ఉస్మాన్ తొలి నాణేల్లో ఆ ఐన్ సగమే పడింది, తరువాతివాటిలో పూర్తిగా ఉంది. ఇంత సన్నని తేడాకు విలువ కట్టే రంగంలో నాణెం అంచు కూడా సాక్ష్యమే. వెండి రూపాయలు ఎన్నో ఒకప్పుడు అంచున కొక్కెంతో హారాలుగా ఆడవాళ్ల మెడల్లో ఉండేవి. అలాంటివి అమ్మకానికి వచ్చేటప్పుడు కొక్కేన్ని ఊడదీసి, టంకం మచ్చను ఆకురాయితో రాసి, రంధ్రముంటే వెండితో పూడ్చి, మెరుగు పెట్టి, చెక్కుచెదరని నాణెంగా చూపడం కద్దు. వెండి అసలుదే, ముద్రా అసలుదే, దాచింది నాణెం గతాన్ని మాత్రమే. కనుక దీన్ని నకిలీ అనలేము, మౌనంతో చేసిన మోసం అనాలి.

ఇలా గతాన్ని దాచడం నాణేలకే పరిమితం కాదు. అమెరికాలో బేస్‌బాల్ ఆటగాడు హోనస్ వాగ్నర్ బొమ్మతో 1909 ప్రాంతంలో అచ్చయిన సిగరెట్ పెట్టె కార్డు ఒకటి 2007లో 28 లక్షల డాలర్లకు అమ్ముడుపోయింది. దాని అంచులు కత్తిరించింది తానేనని వేలం వ్యాపారి బిల్ మాస్ట్రో 2013లో కోర్టులో ఒప్పుకున్నాడు. ఆలోపు అది ఎన్నో చేతులు మారింది, అనుమానమూ దాని వెంటే నడిచింది.

ఇక కొన్నవాడి వంతు సంగతికి వస్తే, యాజ్ఞవల్క్య స్మృతి అస్వామివిక్రయం, అంటే సొంతదారు కానివాడు అమ్మడం, గురించి చెబుతూ, చాటుగా, మరీ తక్కువ ధరకు, వేళకాని వేళ కొన్నవాణ్ణి దొంగగానే లెక్కించింది. రత్నం కొన్నవాడికి పరీక్షకు 7 రోజుల గడువూ ఇచ్చింది. ఆ స్మృతికి విజ్ఞానేశ్వరుడు రాసిన వ్యాఖ్య మితాక్షర, దాన్ని 13వ శతాబ్దంలో తెలుగు చేసినవాడు కేతన. నియమం దొంగసొత్తుకు చెప్పినదే అయినా, ధర పలికే మాట విని కూడా విననట్టు కొన్నవాడు నిర్దోషి కాడన్న దాని లోచూపు మార్చిన నాణేనికీ పనికొస్తుంది. ఇస్లామీ న్యాయశాస్త్రంలో 'ఖియార్ అల్-ఐబ్' అంటే దాగిన లోపం బయటపడితే వస్తువును తిరిగిచ్చే హక్కు. లోపం తెలిసే కొన్నవాడికి అది లేదు. 1872 నాటి భారత ఒప్పందాల చట్టం 19వ సెక్షన్ కూడా, మౌనంతో మోసం జరిగినచోట, మామూలు జాగ్రత్తతో నిజం తెలుసుకునే వీలుండీ తెలుసుకోనివాడికి ఒప్పందం రద్దు చేసుకునే అవకాశం ఇవ్వదు.

అయితే ఈ మాటలను మోసగాడు కవచంగా తొడుక్కోవడం అన్యాయం. ముందువైపు తీసిన ఫొటోలో అంచు కనిపించదు. జీతంలో మిగిల్చిన డబ్బుతో తొలి నాణెం కొన్నవాడు టంకం జాడ పోల్చుకోవాలనడం క్రూరత్వం. కొన్నవాడి అసలు పరీక్ష మోసం తెలిసిన తరువాతే మొదలవుతుంది. నష్టభయంతో ఆ నాణేన్ని నోరు మెదపకుండా ఇంకొకరికి అంటగడితే, అతని మౌనానికీ మొదటివాడి మౌనానికీ తేడా లేదు. అంచు ఫొటో జతచేసి, కొక్కెం తీసినదని రాసి, తగ్గించిన ధరకు అమ్మేవాడి నష్టం నిజమైనదే. ఆ నష్టాన్ని తనకు అమ్మినవాణ్ణి అడగడానికి అతనికి పూర్తి న్యాయం ఉంది, తరువాత కొనేవాడి మీద మోపడానికి మాత్రం లేదు.