డూప్లే దొరసాని చరిత్రము: స్వాతంత్ర్యమును ధర్మమును

స్వాతంత్ర్యము మనుష్యుని మంచివానిగా జేయునా? లేక మంచివానికి మాత్రమే స్వాతంత్ర్యము నీయవలయునా? సంఘసంస్కరణమును గూర్చి మాటలాడు వారెల్లరును ఈ ప్రశ్నకు సమాధానము చెప్పుకొనక తప్పదు. కొన్ని మాసముల క్రిందట హనుమంతునిపాడు ప్రాంతమున నొక గ్రామమందు బాలికల చదువును గూర్చియు, వితంతువుల పునర్వివాహమును గూర్చియు మేము ఉపన్యసించుచుండగా, రచ్చబండమీద కూర్చుండియున్న యొక వృద్ధుడైన రైతు లేచి యిట్లడిగెను: "ప్లీడరుగారూ, మారుమనువు మా కులంలో ఎప్పుడూ ఉన్నదే. మీరు చెప్పే చదువూ, స్వేచ్ఛా దొరసానులకు ఎప్పటినుంచో ఉండెగదా. అవి ఉన్నందువల్ల వాళ్లు మనకంటే ధర్మంగా నడిచినారా?" మేమప్పుడు చెప్పిన సమాధానమునకు సభలో చప్పట్లు మ్రోగినవి కాని, మా మనస్సునకు తృప్తి కలుగలేదు. ఆ ముసలివాని ప్రశ్న నొక జీవితమును ముందుంచుకొని నిదానముగా విచారింపవలయునని తోచి యీ వ్యాసమునకు బూనుకొంటిమి.

ఆ జీవితము పుదుచ్చేరిలో ఫ్రెంచివారు స్థిరపడిన తొలికాలమునాటి యొక స్త్రీది. జాన్ ఆల్బేర్ 1706వ సంవత్సరమున పుదుచ్చేరిలోనే జన్మించెను. తండ్రి ఫ్రెంచి కంపెనీవారి కొలువున నుండిన శస్త్రవైద్యుడు. తల్లి ఈ దేశమందే పుట్టిన పోర్చుగీసు సంతతి స్త్రీ. ఆమె వంశమున దేశీయరక్తమును కలదు. కావున జాన్ కన్నులు తెరచి చూచినది కోరమాండలు తీరమే; చిన్ననాట విన్నవానిలో నరవభాషయు నొకటి. పదుమూడేండ్ల ప్రాయమున, 1719లో, ఆమెను కంపెనీ ఆలోచనసభలో సభ్యుడైన వెన్సాన్ అను నాతనికిచ్చి వివాహము చేసిరి. ఆమెకు పదునొకండుగురు బిడ్డలు కలిగిరి. 1739లో భర్త మరణించెను. 1741వ సంవత్సరము ఏప్రిలు మాసమున చంద్రనగరమందు ఆమె జోసెఫ్ ఫ్రాన్స్వా డూప్లేను పునర్వివాహము చేసికొనెను. మఱుసటి సంవత్సరమున డూప్లే పుదుచ్చేరి గవర్నరయ్యెను. నాటినుండి పండ్రెండేండ్లు ఆమె ఆ పట్టణమున రాణివలె నుండెను. దేశీయులు ఆమెను జాన్ బేగమని పిలిచిరి.

చదువరులు ఇచట రెండు సంగతులను గమనింపవలెను. మొదటిది, పదుమూడేండ్ల బాలికకు పెండ్లి చేయుట మన దేశమునకే చెందిన దోషము కాదు. దొరల యిండ్లలోను అది జరిగినది. రెండవది, అనేక బిడ్డల తల్లియగు వితంతువు ముప్పదియైదవ యేట మఱల వివాహమాడగా, ఆ పట్టణమున నెవ్వరును ఆమెను వెలివేయలేదు. మన తెలుగునాట అగ్రవర్ణములలో నట్టి వివాహము జరుగుటకు మఱి నూటనలువది యేండ్లు పట్టినది. 1856లో శాసనము పుట్టినను, 1881వ సంవత్సరము డిసెంబరు 11వ తేదీన రాజమహేంద్రవరమున కందుకూరి వీరేశలింగము పంతులుగారు తొలి వితంతువివాహము జరిపించునప్పుడు ఎంతటి యలజడి పుట్టినదో మన పెద్దలెఱుగుదురు. మనము మన ఆడుబిడ్డలకై కోరుచున్న దానిలో హెచ్చుభాగము జాన్ బేగమునకు ముందే లభించియుండెను.

ఆమె ఆ స్వేచ్ఛ నెట్లు వినియోగించెను? ఆమె తెలివిగలది, ధైర్యవతి. దేశభాషనెఱిగిన దగుటచే భర్తకు చేరని వార్తలను ఆమె చేర్చుచుండెను. తనకు ప్రత్యేకముగ వేగులవారిని పెట్టుకొనెను. దేశీయప్రభువులతో ఉత్తరప్రత్యుత్తరములు నడిపెను. 1748లో ఆంగ్లేయుల నౌకాసేనాని బాస్కవెన్ పుదుచ్చేరిని ముట్టడించి ఆగస్టు మొదలు అక్టోబరు వరకు పోరినను పట్టణమును పట్టలేకపోయెను. ఆ దినములలో ఆమె చూపిన నిబ్బరమును ఫ్రెంచి చరిత్రకారులు కొనియాడిరి. తరువాత డూప్లే రాజ్యతంత్రమునకు ఫలముగ 1753లో సలాబతుజంగు ఉత్తర సర్కారులను ఫ్రెంచివారి వశము చేసెను. రాజమహేంద్రవరము, ఏలూరు, శ్రీకాకుళము మున్నగు సీమలందలి మన పూర్వుల శిస్తు ఆ యింటినుండి నడచిన తంత్రముచేతనే కొన్నియేండ్లు పరుల బొక్కసమును చేరినది.

అదే ముట్టడి దినములలో, 1748 సెప్టెంబరు మాసమున, పుదుచ్చేరిలోని వేదపురీశ్వరుని దేవాలయమును నేలమట్టము చేసిరి. ఆ దేవాలయము జెసూటు గురువుల చర్చి ప్రక్కనే యుండెను. దానిని తొలగింపవలయునని వారు పెక్కేండ్లుగా కోరుచుండిరి. పూర్వపు గవర్నరులు ప్రజలు ఊరు విడిచిపోవుదురను భయమున వెనుదీసిరి. ఇప్పుడు ఇంజనీరు పనివాండ్రతోను, గురువులతోను వచ్చి గోడలు త్రవ్వించెను. దీనికంతకు ప్రేరకురాలు డూప్లే దొరసానియే యని ఆనందరంగపిళ్ల తన దినచర్యలో వ్రాసియున్నాడు.

మేము వృత్తిచే న్యాయవాదులము గనుక, సాక్ష్యము విన్నంతనే సాక్షి యెవడని యడుగుట మాకలవాటు. ఆనందరంగపిళ్ల 1709లో పుట్టి 1761లో మరణించినవాడు. డూప్లే దొరకు దుబాసీ. 1736 మొదలు తన అంత్యకాలము వరకు అరవమున దినచర్య వ్రాసెను. అది వ్రాయువాడు తనకై వ్రాసికొనినదే కాని లోకము చదువునని వ్రాసినది కాదు. 1846లోగాని అది వెలుగుచూడలేదు. ఇది సాక్షికి బలమిచ్చు సంగతి. కాని యీ సాక్షికి ప్రతివాదిపై వైరము కలదు. దుబాసీపదవి క్రైస్తవునికే చెందవలెనని దొరసాని పక్షము పట్టియుండెను. ఆమె లంచములు గైకొనుచున్నదని యాతడు పలుమాఱు వ్రాసెను. వైరము గల సాక్షి చెప్పినదంతయు అబద్ధము కాదు. అంతయు నిజమనియు గ్రహింపరాదు. మఱియు ఆజ్ఞ యిచ్చుటకు అధికారము గలవాడు గవర్నరు. ఆమె ప్రేరేపించినను, ప్రేరణకు లోబడుట యాతని నేరమే. భర్త చేసిన పాపమునంతయు భార్య చెవిలో నూదిన మాటపై త్రోసివేయుట లోకమున మిక్కిలి సులభమైన న్యాయము. ఇవన్నియు తీసివేసినను, ఆమె ఆ పనికి సంతోషించి తోడ్పడినదను భాగము నిలుచునని మా యభిప్రాయము.

ఇప్పుడు ఆ వృద్ధుడు మఱల లేచి, "చూచితిరా? స్వేచ్ఛ యిచ్చిన ఫలమిదే గదా!" యనవచ్చును. అనిన, మేమొక ప్రశ్న వేయుదుము. డూప్లే దొరయు స్వతంత్రుడే గదా. అతడు చేసిన యన్యాయమును జూచి పురుషులకు స్వేచ్ఛ తగదని యెవరైన నిర్ణయించిరా? పురుషుడు తప్పు చేసిన ఆ పురుషుడు చెడ్డవాడందుము. స్త్రీ తప్పు చేసిన స్త్రీజాతికి స్వేచ్ఛ తగదందుము. ఈ రెండు తూకపురాళ్లు పెట్టుకొని ధర్మమును తూచుట తగదు. స్వేచ్ఛ సద్గుణమునకిచ్చు కూలి కాదు. తప్పు చేయుటకును, ఆ తప్పునకు తానే బాధ్యత వహించుటకును గల యర్హతయే స్వేచ్ఛ. జాన్ బేగమును మనము నేడు నిందింపగలుగుచున్నామన్న, ఆమె తన చేతలకు తానే కర్త యని యొప్పుకొన్నట్లే. ఇంటి నాలుగుగోడల నడుమ మూసిపెట్టిన స్త్రీని ఇట్లు నిందింపజాలము, మెచ్చుకొననుజాలము. ఆమెకు పుణ్యపాపములు రెండును లేకుండ చేసితిమి గదా!

కాని యింతటితో మన పక్షము గెలిచినదనుకొనరాదు. మనలోను ఒక భ్రమ యున్నది. చదువు వచ్చిన, స్వేచ్ఛ వచ్చిన, ధర్మము దానంతట నదియే వచ్చునని మన ఉపన్యాసములలో తఱచుగా చెప్పుచున్నాము. దీనికి ప్రతిసాక్ష్యము అదే దేవాలయమునొద్ద దొరకుచున్నది. ఆనాడు అచటికి వచ్చి గర్భగృహమును కాలదన్ని, సుత్తెతో విగ్రహమును పగులగొట్టినట్లు పిళ్ల పేర్కొనిన గురువు పేరు కేర్డూ. ఈతడు మూర్ఖుడు కాడు. తెలుగు, సంస్కృతము నేర్చి నిఘంటువు కూర్చినవాడు. సంస్కృతమునకును, గ్రీకు లాటిను భాషలకును గల బంధుత్వమును వివరించుచు 1767లో పారిసు పండితులకు లేఖ వ్రాసినవాడు. మన మాటలలో తన పూర్వుల మాటలను గుర్తింపగలిగిన ఆ చెవికి, గోడ యావల నేడ్చుచున్న జనుల గొంతుకలో తన గొంతుక వినబడలేదు. చదువు కన్నును పదునుచేయును. ఎదుటివానిని తనవంటివానిగా చూడుమని యాజ్ఞాపింపజాలదు.

ఆ పట్టణమందే వేఱొక దృష్టాంతమును కలదు. ఆనందరంగపిళ్లను ఆశ్రయించి కస్తూరి రంగకవి ఆనందరంగరాట్ఛందమును తెలుగున రచించి యాతనికి అంకితమిచ్చెను. అరవమున దినచర్య వ్రాసికొను దుబాసీ తెలుగు ఛందోగ్రంథమునకు కృతిపతి యయ్యెను. ఆ పిళ్లయు దోషములు లేనివాడు కాడు. కులాభిమానము, ధనాపేక్ష యాతని దినచర్యయందే కనబడుచున్నవి. అయినను ఒక ఊర నొకే కాలమున పరుల విద్యకు చోటిచ్చినచేయి యొకటియు, పరుల గుడికి చోటులేదనిన చేయి యొకటియు నుండెను. ఈ భేదము స్త్రీపురుషులది కాదు, తెలుపునలుపులది కాదు, అక్షరజ్ఞానము గలవారికి లేనివారికి నడుమది యంతకంటె కాదు. తన చేతనున్న బలమునకు తానే యొక హద్దు గీచికొనుటయందే యీ భేదమున్నది.

ఇచట మా దోషమొకటి చెప్పుకొనవలసియున్నది. విగ్రహారాధనము మాకు సమ్మతము కాదు. అందుచేత వేదపురీశ్వరుని కథ చదువునప్పుడు, రాయి పగిలినందుకు మేము దుఃఖింపనక్కరలేదుగదా యని యొక తలంపు మా మనస్సున మెదలిన మాట నిజము. ఆ తలంపు వెంబడి వేఱొక జ్ఞాపకము వచ్చినది. కొన్నియేండ్ల క్రిందట, పైని చెప్పిన గ్రామమందే, మా మిత్రుడగు నొక యువకుడు బడికి స్థలము కావలెనని, వేపచెట్టు క్రిందనున్న గ్రామదేవత రాతిని రాత్రివేళ పెరికించి చెఱువులో వేయించెను. గ్రామస్థులు న్యాయస్థానమున కెక్కిరి. మేము యువకుని పక్షమున వాదించితిమి. స్థలము ప్రభుత్వపు పోరంబోకని నిరూపించి గెలిచితిమి. బడి కట్టిరి. కాని పెక్కుమంది తల్లులు తమ బాలికలను ఆ బడికి పంపలేదు. మార్కాపురపు పలకలు పెట్టెతో వచ్చినవి వచ్చినట్లే కొన్ని మాసములు మూలబడియుండెను. వారి యజ్ఞానమును మేము దూషించితిమి. ఆ తల్లులలో నొక్కతెనైనను పిలిచి, "అమ్మా, మాకు స్థలము కావలెను, ఏమి చేయుదము?" అని యడుగవలయునని మాకు తోచలేదు.

ఆనాడు సభలో లేచి ప్రశ్నవేసిన వృద్ధుడు ఆ వ్యాజ్యమున వాదులలో నొకడు. ఈ సంగతి మాకు ఇంటికి వచ్చిన పిమ్మట గుర్తునకు వచ్చినది. ఆయన దొరసానుల మాటెత్తి యడిగినది మమ్మునే. చదువును, స్వేచ్ఛను గల మీరు మాకంటె ధర్మముగా నడిచితిరా యనియే ఆయన యడిగినది. ఆ ప్రశ్నకు చప్పట్లు సమాధానము కాజాలవు.

మన బోధ మంచిదే యగుగాక. ఒప్పింపబడనివాని మీద బలముచే పడినప్పుడు అది బోధ కాక దండయాత్ర యగును. వేదపురీశ్వరుని గుడి కూలినందుచే పుదుచ్చేరి హిందువులు విగ్రహారాధనము మానలేదు. తరువాతికాలమున దేవాలయమును వేఱొకచోట మఱల కట్టుకొనిరి. మిగిలినది అవమానస్మృతి మాత్రమే. గడ్డపార విశ్వాసమును మార్చినట్లు చరిత్రలో కానము. గడ్డపార పట్టినవానిని మాత్రము అది మార్చును. తన సత్యముకంటె తన బలమునే నమ్ముకొనునట్లు చేయును.

జాన్ బేగము బలమును నిలువలేదు. 1754లో కంపెనీవారు డూప్లేను వెనుకకు పిలిపించిరి. ఆమె తాను పుట్టిపెరిగిన తీరమును విడిచి భర్తతో నోడయెక్కెను. పారిసు నగరమున 1756 డిసెంబరులో, ఏబదియేండ్ల ప్రాయమున, కంపెనీవారితో భర్త సొమ్ముకై వ్యాజ్యమాడుచున్న దినములలోనే మరణించెను. డూప్లేయు 1763లో ఆ వ్యాజ్యము తీరకయే పోయెను. దీనిని దైవము విధించిన శిక్షయని మేమనము. పరుల కష్టమునకు దైవమును సాక్షిగా పిలుచుట మా మతము కాదు. అధికారము చేతనున్న పండ్రెండేండ్లలో ఎదుటివారి గుమ్మము ముందు ఆగవలసిన క్షణమున ఆమె యాగలేదన్నదే మేము తీసికొను పాఠము.

కాబట్టి ఆ వృద్ధునకు మేమిప్పుడు చెప్పు సమాధానమిది. స్త్రీలకు విద్యయు, స్వేచ్ఛయు, మారుమనువు హక్కును ఏ షరతును లేక యీయవలసినదే. వారు మంచివారగుదురని కాదు, వారు మనుష్యులని. అవి పొందినవారు, స్త్రీలైనను పురుషులైనను, ధర్మమును వేఱుగా నేర్చుకొనవలసియున్నది. అది వానితోపాటు రాదు. ఈ మాట చెప్పుటకు మేమే ఆ గ్రామమునకు మఱల పోయితిమి. రాతి విషయమున మా తప్పును రచ్చబండయొద్ద నొప్పుకొంటిమి. ఆ రాతికి మేము మ్రొక్కలేదు, మ్రొక్కము. అయినను చెఱువు ఎండిన కాలమున దానిని వెలికిదీసి వారు కోరినచోట నిలుపుటకు బండి కూలి మేమిచ్చితిమి. వృద్ధుడు మమ్ము మెచ్చుకొనలేదు. తన మనుమరాలిని బడికి పంపుదుననియు చెప్పలేదు. "ఆలోచిస్తాం లెండి" అని మాత్రమనెను. ఆలోచించుటకు ఆయనకు గల హక్కును ఈసారి మేము గౌరవింపనేర్చితిమి.