జ్ఞాపకము చేసికొనుటయు క్షమించుటయు

ధ్యాన భాగములు: యెహోషువ 4:1–9, ద్వితీయోపదేశకాండము 24:17–22



ఇశ్రాయేలీయులు యొర్దాను దాటినప్పుడు నది నడుమనుండి పండ్రెండు రాళ్లు తెచ్చి గిల్గాలులో నిలువబెట్టిరి. ముందు తరముల పిల్లలు వాటినిగూర్చి అడిగినప్పుడు పెద్దలు జవాబు చెప్పవలెనని దేవుడు కోరెను. మేలు జరిగిన చోట రాయి నిలుపుట సులభమే. మరి మనకు జరిగిన అన్యాయమునకు కూడ గురుతు నిలుపవచ్చునా? క్షమించినవాడు మరచిపోవలదా? ఈ మాసము ఈ ప్రశ్నను ఆలోచింతము. ఇందుకు దూరదేశపు దృష్టాంతమొకటి మనకు సహాయపడును.

దక్షిణాఫ్రికాలోని కేప్‌టౌను పట్టణములో డిస్ట్రిక్ట్ సిక్స్ అను పేట యుండెను. విడుదల పొందిన దాసుల సంతతివారు, కూలీలు, చేతిపనివారు, చిన్న వర్తకులు, క్రైస్తవులు, ముసల్మానులు, యూదులు అచ్చట పక్కపక్కనే కాపురముండిరి. 1966 ఫిబ్రవరి 11న ప్రభుత్వము ఆ పేట తెల్లజాతివారికి మాత్రమే చెందునని ప్రకటించెను. తరువాతి సంవత్సరములలో సుమారు 60,000 మందిని ఊరి వెలుపలి ఇసుక మైదానములకు తరలించి, వారి యిండ్లను కూలద్రోసిరి. కొన్ని చర్చీలు, మసీదులు మాత్రము నిలిచియుండెను.

1994లో ఆ వర్ణభేద పాలన ముగిసెను. ఆ డిసెంబరులోనే, అచ్చటి పాత మెథడిస్టు మందిరములో ఆ పేటవారు ఒక మ్యూజియము తెరచిరి. అందులో రాజుల కిరీటములు లేవు. వీధుల పేర్ల పలకలున్నవి. ఇండ్లు కూల్చు పనిని చూచిన ఉద్యోగి ఒకడు వాటిని పారవేయక దాచియుంచెను. నేలమీద పేట పటము పరచబడియున్నది. వెళ్లగొట్టబడినవారు వచ్చి, తమ యిల్లు ఉన్న చోట తమ పేరు వ్రాసిరి. పోయిన భూమిని తిరిగి కోరినవారికి ఆ మ్యూజియము తోడుగా నిలిచెను. 2004లో మొదటిగా వృద్ధులు కొందరు ఇండ్ల తాళపుచెవులు పుచ్చుకొని ఆ నేలకు తిరిగి వచ్చిరి.

పౌలు వెనుకటివి మరచితినని ఫిలిప్పీయులకు వ్రాసెను గదా, అని కొందరందురు. నిజమే. కాని ఆ అధ్యాయము మొదటినుండి చదివిన యెడల, ఆయన నష్టముగా ఎంచినవి తన వంశము, తన నీతి, తన గొప్పలని తెలియును. తాను సంఘమును హింసించిన సంగతిని ఆయన మరువలేదు. తిమోతికి వ్రాయుచు తానే దానిని చెప్పెను. యోసేపు కూడ అన్నలను క్షమించుచు, వారు తనకు కీడు తలంచిరని దాచక చెప్పెను. పేరు పెట్టని తప్పును క్షమించుట ఎట్లు?

అయితే జ్ఞాపకములో అపాయమును కలదు. పుండును దినదినము గోకువాడు స్వస్థపడడు. దేవుడు ఐగుప్తు దాస్యమును జ్ఞాపకము చేసికొనుమన్నది పగ తీర్చుకొనుటకు కాదు. పరదేశికిని తండ్రిలేనివానికిని న్యాయము తప్పింపకుండుటకును, పొలములో మరచిన పనను వారికి విడిచిపెట్టుటకును. జ్ఞాపకమునకు ఇదే పరీక్ష: అది మనలను ఎవరివైపు త్రిప్పుచున్నది? పునరుత్థానుడైన ప్రభువు తన గాయములను మరుగుచేయలేదు. వాటిని చూపుచునే శిష్యులకు సమాధానము పలికెను.

మన పల్లె సంఘములకు మ్యూజియము కట్టు స్తోమత లేకపోవచ్చును. కాని బాప్తిస్మపు రిజిష్టరును చెదలు తినకుండ కాపాడవచ్చును. మందిరమునకు మట్టి మోసిన తల్లుల పేర్లు వ్రాసిపెట్టవచ్చును. ఊరి బావికి దూరముగా నిలిచి, ఎవరైన నీళ్లు పోయుదురా యని కడవతో కనిపెట్టిన అవ్వల మాట వినవచ్చును. కొన్ని సంఘములలో ప్రభువు బల్లయొద్దనే కులభేదము పాటించిరన్న సంగతియు ఆ పుస్తకములో ఉండవలెను. మనకు అనుకూలమైనవి మాత్రమే వ్రాసినయెడల అది సత్యమైన సాక్ష్యము కానేరదు.

మన వృద్ధులు ఒక్కొక్కరుగా ప్రభువునందు నిద్రించుచున్నారు. యౌవనస్థులు ఈ మాసములో ఒక్క వృద్ధురాలి యొద్దనైన కూర్చుండి, ఆమె చెప్పినది తేదీతో సహా వ్రాయుదురు గాక.

ప్రార్థన: తండ్రీ, జరిగిన కీడును దాచని సత్యమును, కీడు చేసినవారిని ద్వేషింపని ప్రేమను మాకు దయచేయుము. యేసు నామమున, ఆమేన్.