నిలిచిపోయిన మాట

వాక్యభాగము: ఆదికాండము 37:1-11, 45:1-15



యోసేపును అన్నలు గోతిలో పడద్రోసిన సంగతి మన ఆదివారపు బడి పిల్లలు సహితము చెప్పగలరు. అయితే గోతికి ముందు జరిగినదానిని మనము త్వరగా దాటిపోవుదుము. 37వ అధ్యాయము 4వ వచనము చూడుడి. 17 ఏండ్ల తమ్మునితో వారు సమాధానముగా మాటలాడలేకపోయిరి. మొదట ఆగినది మాట. గొయ్యి తరువాత వచ్చినది.

నేడు మన యౌవనస్థుల మధ్య ఈ ఆయుధము విరివిగా వాడబడుచున్నది. క్రొత్తగా పెండ్లియైన భర్త భార్యతో దినములకొలది మాటలాడడు, కారణమును చెప్పడు. "నా మాట వినకపోతే మన సంబంధము ఇంతే" అని ఒకతె తనకు కాబోవు వానిని బెదిరించును. హాస్టలులో నలుగురు చేరి ఒక స్నేహితురాలి రహస్యమును బయటపెట్టి, వాట్సాప్ గ్రూపునుండి ఆమెను తీసివేయుదురు. పైగా, "మేము కొట్టితిమా, తిట్టితిమా?" అందురు.

అలుక వేరు. అది బ్రతిమాలితే పూటలో తీరును. ఎదుటివారు లొంగువరకు ప్రేమను బిగబట్టుట వేరు.

చల్లపల్లి రైతులారా, పైవాడు బోదెకు అడ్డుకట్ట వేసినయెడల శివారు చేను ఏమగునో మీకు తెలియును. ఎవరును కొడవలి పెట్టలేదు. అయినను పైరు ఎండిపోవును. ప్రియమైనవారి మాటకై కనిపెట్టు హృదయమును అట్లే ఎండును. నిద్ర తప్పును, అన్నము సహించదు, బ్రతుకే బరువగును.

అడ్డుకట్ట వేసినవానికి మేలు కలుగునా? నీరు నిలిచి వాని పైరును కుళ్లును. 1995లో అమెరికాలో నిక్కి క్రిక్, జెన్నిఫర్ గ్రోట్‌పీటర్ అను పరిశోధకులు బడిపిల్లలను గూర్చి ఒక పరిశోధన ప్రచురించిరి. స్నేహమునే ఆయుధముగా వాడు పిల్లలలో ఒంటరితనము, దిగులు ఇతరులకంటె ఎక్కువగా కనబడెను. యోసేపు అన్నలను చూడుడి. ఇరువది ఏండ్లు గడచినను, తమ్ముడు బ్రతిమాలిన స్వరము వారి చెవులను విడువలేదు (42:21).

కాబట్టి మాట ఆపినవాడే మొదట కట్ట తెంచవలెను. కోపము వచ్చినయెడల, "ఇప్పుడు నా మనస్సు బాగులేదు, సాయంకాలము మాటలాడుదును" అని చెప్పుము; సాయంకాలము తప్పక మాటలాడుము. గాయపడినవారిని తొందరపెట్టకుడి. యూదా మారిన మనస్సును చూచిన పిమ్మటనే యోసేపు తన్ను తాను తెలియజేసికొనెను. కొట్టువానికి, హింసించువానికి దూరముగా నుండుట పాపము కాదు.

కృంగినవారితో "ప్రార్థన చాలలేదు" అనకుడి. బదరీవృక్షము క్రింద చావు కోరిన ఏలీయాను దేవుడు గద్దింపక, నిద్రపోనిచ్చి, రెండుమారులు భోజనము పెట్టించెను (1 రాజులు 19). దిగులు రెండు వారములు విడువకయున్నయెడల వైద్యునియొద్దకు తీసికొనిపొండు. చచ్చిపోవలెనన్న మాట వినబడితే ఒక్క గడియయు ఆలస్యము చేయకుడి. వారిని ఒంటరిగా విడువకుడి. 2022 అక్టోబరులో ప్రభుత్వము ఆరంభించిన టెలి మానస్‌కు, 14416 నంబరుకు, రేయింబవళ్లు ఉచితముగా ఫోను చేయవచ్చును, తెలుగులోనే మాటలాడుదురు.

45వ అధ్యాయము 15వ వచనములో, యోసేపు ముద్దుపెట్టుకొని ఏడ్చిన తరువాత, అన్నలు అతనితో మాటలాడిరి. ఆగిన మాట తిరిగి వచ్చుటకు సుమారు 22 ఏండ్లు పట్టినది. మీ ఇంట అంతకాలము పట్టనియ్యకుడి. ఈ రాత్రి దీపము ఆర్పకముందే ఒక్క మాట పలుకుడి. అట్టి కృప ప్రభువు మనకు దయచేయును గాక. ఆమేన్.