ఖాళీకీ ఒక పనుంది

వేంపల్లె దగ్గర గండి క్షేత్రానికి వచ్చినవాళ్ళు ఫోటో తీయకుండా పోవడం అరుదు. వీరాంజనేయస్వామి గుడి, పాపఘ్ని, రెండు పక్కలా కొండలు. అన్నీ ఒక్క ఫ్రేములో పట్టాలని వెనక్కి వెనక్కి జరుగుతారు. అన్నీ పడతాయి, అసలుది తప్ప. కొండల్ని కోసుకుంటూ నది దారి చేసుకున్న ఆ నడిమి జాగాయే అక్కడ చూడదగ్గది. దాన్ని ఎవరూ లెక్కలోకి తీసుకోరు.

కెమెరా పుట్టకముందే మన పెద్దలు దాన్ని లెక్కలోకి తీసుకున్నారు. రాముడి రాక కోసం వాయుదేవుడు ఆ రెండు కొండల నడుమ బంగారు తోరణం కట్టాడని స్థలపురాణం. పుణ్యాత్ములకు, అదీ ఆఖరి రోజుల్లోనే, అది కనిపిస్తుందట. దత్తమండలాల కలెక్టరుగా చేసి మద్రాసు గవర్నరైన థామస్ మన్రోకు కనిపించిందనీ, ఆ తర్వాత ఎన్నాళ్ళో బతకలేదనీ ఇక్కడ చెప్పుకుంటారు. మన్రో 1827లో పత్తికొండలో కలరాతో పోయిన మాట చరిత్ర. తోరణం నమ్మకం. నన్ను పట్టుకున్నది ఆ కథ అల్లినవాళ్ళ చూపు. అంత అపురూపమైన వస్తువును కొండకొమ్మున పెట్టలేదు, గుడి శిఖరానికి తగిలించలేదు. ఏమీ లేని చోట కట్టారు. గుడిలోని ఆంజనేయుడి సంగతీ అంతే. రాముడు బాణం మొనతో బండమీద ఆ రూపం గీసి, ఎడమచేతి చిటికెనవేలు మాత్రం వదిలేశాడంటారు. గీసినదంతా ఒక ఎత్తు, గీయని ఆ వేలు ఒక ఎత్తు.

బాపు బొమ్మల్ని చూస్తూ పెరిగినవాళ్ళకు ఇది కొత్త కాదు. నాలుగు గీతలు పడేసరికి మిగతా తెల్లకాగితం తనంతట తానే గోడో, గోదారో, ఆకాశమో అయిపోయేది. పొయ్యిలో కట్టెల మధ్య సందు లేకపోతే మంట లేవదు. ఫోటో కూడా అట్లాంటిదే.

అట్లాగని ఖాళీ వదిలినంత మాత్రాన బొమ్మ లేవదు. నడిచే మనిషికి ముందు జాగా ఉంచితే ఎక్కడికో పోతున్నాడనిపిస్తుంది. వెనక ఉంచితే చాలా దూరం నడిచొచ్చాడనిపిస్తుంది. మనిషి అదే, నడక అదే, కథ మారిపోయింది. గండిలోనే చూడండి. నాలుగడుగులు పక్కకు జరిగితే ఒక కొండ ఇంకోదాని మీదికి వచ్చి సందు మూసుకుంటుంది. దూరం నుంచి జూమ్ చేస్తే లోతు అణిగిపోయి కొండలు ఒకదానికొకటి అతికించినట్టుంటాయి. ఫోన్‌లోని మామూలు లెన్సు వెడల్పుగా చూస్తుంది కాబట్టి సందు మిగులుతుంది గానీ కొండలు గుట్టలైపోతాయి. ఎక్కడ నిలబడాలో తేల్చుకోవడమే సగం పని.

ఖాళీ అంటే పడనివాళ్ళూ ఉన్నారు, వాళ్ళ మాటలోనూ న్యాయముంది. రీలుకు పన్నెండు ఫోటోలే వచ్చే 120 ఫిల్ము రోజుల్లో స్టూడియోకు వచ్చిన పెద్దాయన, "ఇంత ఖాళీ ఎందుకిడిసినావు నాయనా, మనిషి పెద్దగా పడల్ల గదా" అనేవాడు. తల నుంచి కాళ్ళ దాకా అంతా రావాలి, పక్కన చుట్టాలంతా రావాలి. ఫ్రేము నిండితేనే ఇల్లు నిండినట్టు. ఫోటోగ్రాఫర్ రఘుబీర్ సింగ్ కూడా మన వీధుల్ని అట్లా కిక్కిరిసినట్టే తీశాడు. కారు అద్దాలు, తలుపులు, మనుషులు, నీడలు ఒకదాని మీదొకటి. కానీ ఆయన ఫోటోల్లో కన్ను ఇరుక్కోదు. అంత రద్దీలోనూ చూపు నడవడానికి సన్నటి దారులు వదిలాడు. ఇటు గండికోటలో పెళ్ళికి ముందు తీయించుకునే డ్రోన్ ఫోటోల్లో జాగాకేం కరువు లేదు. పెన్నా లోయ మొత్తం ఉంటుంది, పెళ్ళికొడుకూ పెళ్ళికూతురూ ఎక్కడున్నారో వెతుక్కోవాలి.

నాకు బాధ కలిగించే ఖాళీ ఇంకోటి ఉంది. రాయలసీమ అనగానే నెర్రెలిచ్చిన నేల, పైన బోసి ఆకాశం, మూలన తలపట్టుకున్న రైతు. కరువు అబద్ధం కాదు. ఆ ఖాళీ మాత్రం అరువుది. వేసవిలో పాపఘ్ని ఇసుకలో చెలమ తోడే ఆడమనిషిని చూడండి. మోచేతి దాకా గుంతలోకి చెయ్యి పెట్టి, మొదట ఊరిన బురదనీళ్ళు పారబోసి, తేట కోసం కాసేపు ఆగుతుంది. పక్కన బిందె. ఆమెను దూరం నుంచి చుక్కంత చేసి తీస్తే చుట్టూ ఉన్నది ఎడారి. అదే చెలమ పక్కన మోకాళ్ళ మీద కూర్చుని తీస్తే ఇసుక అప్పుడూ సగం ఫ్రేము ఆక్రమిస్తుంది. అయితే గుంత అంచున నల్లగా తడిసిన వలయం కనిపిస్తుంది. దాంతో ఆ ఇసుకంతా నీళ్ళు దాచుకున్న నేల అయిపోతుంది. బోడిగా కనిపించే గుట్టలూ అంతే. భూగర్భ శాస్త్రవేత్తలు మా వేంపల్లె పేరుతోనే పిలిచే ఆ రాతి పొరల వయసు 180 కోట్ల ఏళ్ళ పైమాటే. మధ్యాహ్నపు ఎండలో చదునుగా ఉండే బండ మీద సాయంత్రపు ఏటవాలు వెలుగు పడితే ఏ పొరకా పొర లేచి కనిపిస్తుంది.

అందుకే మా వైపు కెమెరాతో వచ్చేవాళ్ళకు ఒకటే మనవి. ఖాళీ ధారాళంగా వదలండి. వదిలేముందు అక్కడ ఏముందో ఊళ్ళోవాళ్ళను ఒక మాట అడగండి. అరటి తోటల్నీ చీనీ తోటల్నీ వీపు వెనక పెట్టుకుని నిలబడి, ముందున్న బీడునే తీసి, సీమంటే ఇంతేనని చెప్పకండి.