తాళం మనదే... లోపలి సొమ్ము ఎవరిది?

విశాఖ ఉక్కు కర్మాగారంలో పనిచేసి రిటైరైన ఒక సోదరుడు గాజువాక నుంచి వచ్చి మాకొక సమస్య చెప్పారు. ఉద్యోగంలో ఉండగా తోటి కార్మికులు కొందరు ఆయన్ని నమ్మి డబ్బు దాచుకునేవారు. ఎవరిది ఎంత, ఎవరికి ఎంత ముట్టింది అన్న లెక్కలన్నీ కంప్యూటర్‌లో ఒక జిప్ ఫైలుగా చేసి, పాస్‌వర్డ్ పెట్టారు. ఇప్పుడా పాస్‌వర్డ్ గుర్తు లేదు. "మౌలానా! దాన్ని ఎలాగైనా తెరిపించడం ధర్మసమ్మతమేనా? లేక మరచిపోయినవాడిపై పాపం లేదు కదా అని ఊరుకోవచ్చా?" అని అడిగారు.

మొదటి ప్రశ్నకు జవాబు తేలిక. తాళంచెవి పోగొట్టుకుని సొంత ఇంటి తాళం పగలగొట్టినవాడు దొంగ కాడు. అనుమతి లేకుండా పరుల ఇళ్ళలో ప్రవేశించరాదన్న దివ్యఖుర్ఆన్ ఆజ్ఞ (24:27) స్ఫూర్తి పరుల ఫైళ్ళకూ వర్తిస్తుంది. మన దేశంలోని 2000 నాటి సమాచార సాంకేతిక చట్టమూ అలాంటి చొరబాటును తప్పుగానే పరిగణిస్తుంది. సొంత ఫైలుకు ఆ అడ్డు లేదు.

అయితే ఫైలు మనదైనంత మాత్రాన అందులో ఉన్నదంతా మనదవుతుందా? మన రేవుకు ఒక్కోసారి ఒకే కంటైనరులో నలుగురు వ్యాపారుల సరుకు వస్తుంది. తెరిచేది ఒకరే అయినా సరుకు నలుగురిదీ. ఈ ఫైలూ అంతే. తాళం ఆ సోదరునిది, లోపలున్నది అమానత్.

అసలు ప్రశ్న రెండవది. మరుపుకు పాపం లేదన్నది నిజమే. కాని పాపం తొలగడం వేరు, బాధ్యత తొలగడం వేరు. మరచిపోయి నమాజు తప్పినవాడు గుర్తు రాగానే దాన్ని నెరవేర్చాలి. దైవహక్కు విషయంలోనే ఇలా ఉంటే, దాసుల హక్కుల మాటేమిటి? హుఖూఖుల్ ఇబాద్ మరుపుతో మాఫీ కావు. అమానతులను హక్కుదారులకు అప్పగించమని అల్లాహ్ ఆజ్ఞ (4:58). కనుక ఫైలు తెరిచే ప్రయత్నం ఆయనకు కేవలం అనుమతించబడినది కాదు, ఆయన విధి. పాస్‌వర్డ్ పోయినందుకు మనసులో ఏ మూలనైనా ఊరట కలిగితే, అది నఫ్స్ చేసే మోసమని గ్రహించాలి.

ముందుగా ఫైలుకు నకలు తీసి, ఆ నకలు మీదే ప్రయత్నించాలి. పాత డైరీలు, అప్పట్లో వాడిన పాస్‌వర్డ్‌లు వెతకాలి. పాత జిప్ తాళం బలహీనమైనది. లోపలి సమాచారంలో కొంత భాగం విడిగా మన దగ్గరుంటే దాని సాయంతో తెరవవచ్చని బిహామ్, కోచర్ అనే నిపుణులు 1994లోనే నిరూపించారు. తర్వాత వచ్చిన ఏఈఎస్ తాళానికి అలాంటి అడ్డదారి లేదు, పాస్‌వర్డ్‌లు ఒక్కొక్కటిగా వేసి చూడవలసిందే. అది పొడవైనదైతే కంప్యూటర్ కూడా చేతులెత్తేస్తుంది. ఏమైనా సరే, ముక్కూమొహం తెలియని వెబ్‌సైట్లకు ఆ ఫైలును పంపరాదు. పరుల లెక్కలు అపరిచితుల చేతిలో పెట్టడం మరో ద్రోహం.

అప్పటికీ తెరుచుకోకపోతే బ్యాంకు పుస్తకాలు, సాక్షుల సాయంతో హక్కుదారులను, మరణించిన వారి వారసులను కలిసి లెక్క తేల్చుకోవాలి. తేడా వచ్చినచోట తాను నష్టపోవడానికి సిద్ధపడటమే తఖ్వా.

అప్పులను రాసి ఉంచమని ఖుర్ఆన్ (2:282) ఆదేశించింది. వసీయత్ చేయవలసింది ఉన్నవాడు దాన్ని రాసి ఉంచకుండా రెండు రాత్రులైనా గడపరాదని దైవప్రవక్త (స) బోధించారు. ఎవరూ చదవలేని లెక్క రాసినా రాయనట్లే. కనుక పాస్‌వర్డ్‌ను కూడా కాగితంపై రాసి, కవరులో పెట్టి, నమ్మకస్తుని వద్ద ఉంచండి. మన మరుపు వల్ల ఏ దాసుని హక్కూ మట్టిలో కలవకుండా అల్లాహ్ మనల్ని కాపాడుగాక! ఆమీన్.