ఉచితం

మా సంఘం గోడమీద అంటించిన కాగితంలో అన్నిటికన్నా పెద్ద అక్షరాలతో రాసిన మాట ‘ఉచితం’. మోటారు వైండింగులో ఆరు నెలల శిక్షణ, 18 నుంచి 25 ఏళ్ల లోపు యువతీ యువకులకు, ఉచితం. పనిముట్లు సంఘానివి, రాగితీగ సంఘానిది, నేర్పేది నేను. ముప్పై ఏళ్లు వర్క్‌షాపులో పిల్లలకు పని నేర్పి రిటైరయినవాణ్ణి. ఇంట్లో ఊరికే కూర్చోలేక ఒప్పుకున్నాను.

ఇరవై మందికి చోటు పెట్టాం. పదిహేడు మంది చేరారు. మూడో నెల ఆఖరుకు ఆరుగురు మిగిలారు. ఆ నెల కమిటీ సమావేశంలో ఒక పెద్దాయన నన్నే అడిగారు: “ఒక్క పైసా తీసుకోకుండా నేర్పుతున్నాం గదా మాస్టరుగారూ, ఇంకా ఎందుకు రారు?”

ఆ ప్రశ్న అప్పటినుంచి నా వెంట తిరుగుతూనే ఉంది.

మన చుట్టూ ఉన్న తమిళంలో డబ్బు తీసుకోకుండా ఇచ్చేదాన్ని ఇలవసం అంటారు. ఉచితమనే సంస్కృతపు మాట అక్కడ ఉసితమై, తగినది, సబబైనది అన్న అర్థంలోనే నిలిచింది. మన తెలుగులో కూడా సముచితం, అనుచితం అన్నప్పుడు ఆ పాత అర్థమే పలుకుతుంది. విడిగా ‘ఉచితం’ అంటే మాత్రం వెల లేనిది అనే మనకు ముందు తోస్తుంది. రెండు భాషల నడుమ బతికే మనకు ఈ తేడా చెవిన పడుతూనే ఉంటుంది. మేం ఇచ్చింది వెల లేనిదే, సందేహం లేదు. అది తగినదా అన్నదే ప్రశ్న.

మానేసినవాళ్లలో ఒక పిల్లవాడి సంగతి చెప్పాలి. వాళ్లమ్మ వీధులు ఊడ్చే పనిలో, ఒక కాంట్రాక్టరు కింద ఉంది. ఆదివారాలు మా హాలు శుభ్రం చేయడానికి వచ్చేది. ఆమె వెంట వచ్చి కిటికీ దగ్గర నిలబడి, విప్పి పెట్టిన మోటారునే చూస్తున్నవాణ్ణి నేనే పిలిచి చేర్చుకున్నాను. ఎందుకంటే గోడమీది కాగితం అతను చదవలేదు. చదవలేడు. ఇంట్లో మాట్లాడేది తెలుగే, బడిలో చదివింది తమిళం. మన లిపిలో రాసిన పిలుపు మన మాట మాట్లాడే బిడ్డకే అందలేదు. 2006లో వచ్చిన తమిళ అభ్యసన చట్టం తర్వాత మన పిల్లలకు తెలుగు చదువు దూరమవుతోందని ఈ పత్రికల్లో ఎన్నోసార్లు బాధపడ్డాం. ఆ బాధ నిజమైనదే. కాని ఆ కాలనీ పిల్లలకు తెలుగు బడి అంతకుముందు మాత్రం ఎప్పుడు దగ్గరగా ఉంది?

అతని చేతిలో పని ఉంది. కాయిల్ చుట్టేటప్పుడు తీగ బిగువు వేలికే తెలియాలి, చెబితే వచ్చేది కాదు. రెండో వారానికే అతనికి అది పట్టుబడింది. రెండో నెలలో రావడం మానేశాడు. నేను వెతుక్కుంటూ ఇంటికి వెళ్లాను.

“రాలేను సార్. మార్కెట్లో మూటలు దించితే దినానికి అయిదునూర్లు వస్తాయి. అమ్మకు మోకాలు నొప్పి. ఆమె పోలేని దినం ఆ పనికి నేనే పోవాల,” అన్నాడు.

అక్కడే కూర్చుని లెక్క వేశాను. ఆరు నెలల్లో పని దినాలు నూట యాభై అనుకున్నా, రోజుకు 500 చొప్పున 75,000 రూపాయలు. బస్సు చార్జీ వేరు. మా ఉచిత శిక్షణకు ఆ ఇల్లు కట్టవలసిన ఫీజు అది. ఉచితమన్నది ఇచ్చేవాడి లెక్క. పుచ్చుకునేవాడి లెక్క మేం ఎన్నడూ అడగలేదు.

నేను లేచి వస్తుంటే వాళ్లమ్మ మెల్లిగా ఒక మాట అడిగింది. “మీ హాల్లో మీకు టీ ఎందులో ఇస్తారు సామీ?”

ముందు నాకు అర్థం కాలేదు. దారిలో అర్థమయింది. కమిటీవాళ్లకు, నాకు స్టీలు గ్లాసులు. నేర్చుకునేవాళ్లకు కాగితం కప్పులు. ఎవరూ కావాలని చేసిన ఏర్పాటు కాదు. కడగడం తప్పుతుందని పెట్టినవి. కాని ఈ కొంగునాడులో టీ కొట్ల రెండు గ్లాసుల పద్ధతి ఎరిగిన తల్లికి అది వేరే సంగతి చెప్పింది. ఆమె చదువుకున్న పాఠం అది. మేం చదవని పాఠం.

కోయంబత్తూరులో మనం గర్వంగా చెప్పుకునే కథలు కొన్ని ఉన్నాయి. పీళమేడులో పి.ఎస్. గోవిందస్వామి నాయుడుగారి కుమారులు నలుగురు 1926లో ఆస్తిని నాలుగు భాగాలు చేయకుండా అయిదు చేసి, అయిదోది ధర్మానికి రాశారు. ఆ డబ్బుతోనే పీయస్జీ ధర్మసంస్థ, దాని కింద పారిశ్రామిక శిక్షణాలయం వచ్చాయి. చదువూ తయారీ పక్కపక్కనే సాగాలన్న ఆలోచన ఈ ఊరికి అలా అబ్బింది. ధర్మాన్ని అయిదో అన్నదమ్ముడిగా లెక్కపెట్టడం చిన్న విషయం కాదు. అన్నదమ్ముడికి ఇచ్చేది భిక్ష కాదు, వాటా. ఈ మాట మళ్లీ అవసరం వస్తుంది.

ఇంకొకరు జి.డి. నాయుడుగారు (1893-1974). మూడో తరగతితో బడి మాని, హోటల్లో పనిచేసి కూడబెట్టిన డబ్బుతో ఒక మోటారు సైకిలు కొని, దాన్ని విప్పి చూసి పని నేర్చుకున్న మనిషి. 1920లో ఒక్క బస్సుతో మొదలుపెట్టారు. 1945లో ఆర్థర్ హోప్ పేరిట పాలిటెక్నిక్, ఇంజనీరింగు కాలేజీ వెలిశాయంటే అది ఆయన పూనిక. ఇంజనీరుకు నాలుగేళ్లు అక్కర్లేదు, రెండేళ్లలో నేర్పవచ్చునని వాదించి, ఆ వాదం నెగ్గక తప్పుకున్నారు. పేదవాడికి కాలమే డబ్బు అన్న సంగతి ఆయనకు తెలుసునని నాకనిపిస్తుంది.

కమిటీలో పెద్దాయన ఉదాహరణగా చెప్పింది కూడా జి.డి. నాయుడుగారినే. “ఆయనకు ఎవరు స్టైపెండిచ్చారు? చాతనైనవాడు ఎలాగైనా వస్తాడు. అసలు ఊరికే వచ్చేదానికి విలువ ఉండదు, కొంత ఫీజు పెట్టండి, కుదురుగా వస్తారు.”

ఈ మాటను తేలిగ్గా తోసేయలేను. ముప్పై ఏళ్ల అనుభవంలో ఫీజు కట్టినవాడు బెంచీ వదలకపోవడం నేనూ చూశాను. కాని కట్టలేక గుమ్మంలోకే రానివాణ్ణి నేనెలా చూస్తాను? వాడు నా లెక్కలోకి రాడు గదా. ఇక జి.డి. నాయుడుగారు మూడో తరగతితో బడి మానితే మనం ప్రతిభ అన్నాం. ఊడ్చేవాళ్ల కాలనీలో పిల్లవాడు అదే తరగతిలో మానితే శ్రద్ధ లేదన్నాం. ఆయన వ్యవసాయదారుల ఇంట పుట్టారు. హోటల్లో చేరితే ఆ చేతిమీదుగా వచ్చిన నీళ్లు ఎవరూ వద్దనలేదు. ఆయన గొప్పతనం దీనివల్ల ఒక వీసం తగ్గదు. అందరూ ఆయనలా రావచ్చుననే మన తీర్మానం మాత్రం తగ్గుతుంది.

శిక్షణ అనే మాటను ఆ ఇళ్లవాళ్లు అనుమానంగా వినడానికి ఇంకో కారణమూ ఉంది. ఈ చుట్టుపక్కల నూలు మిల్లుల్లో సుమంగళి పథకమని ఒకటి నడిచింది. పేదింటి ఆడపిల్లలను అప్రెంటిసులనే పేరుతో మూడేళ్లు హాస్టల్లో ఉంచి పనిచేయించుకోవడం, కూలి తక్కువగా ఇవ్వడం, ఆఖర్న పెళ్లి ఖర్చుకని ఒక మొత్తం చేతిలో పెడతామనడం దాని పద్ధతి. మధ్యలో జబ్బుచేసి వచ్చేసిన పిల్లలకు ఆ మొత్తం దక్కకపోవడమూ జరిగింది. మూడేళ్లు నడిపేది ఒక్కటే యంత్రమయితే అది శిక్షణ ఎలా అవుతుంది? మాటను అలా వాడాక, అదే మాటతో మనం తలుపు తడితే వాళ్లు వెంటనే తీయాలనడం న్యాయం కాదు.

ఆ రోజుల్లోనే ఒక పెళ్లికి మదురై వెళ్లాను. తెల్లవారుజామున రైలు దిగి, స్టేషనుకు ఎదురుగా ఉన్న రాణి మంగమ్మ సత్రం ముందు నిలబడ్డాను. పదిహేడో శతాబ్దం చివర్న మదురైని ఏలిన తెలుగు నాయకరాణి పేరు. సత్రాలకు, బాటలకు ఆ పేరు ఇంకా నిలిచే ఉంది. ఎప్పుడు అక్కడ నిలబడ్డా ఛాతీ కొంచెం పొంగుతుంది. ఆ రోజు వీధి ఊడుస్తున్న ఇద్దరు ఆడవాళ్లు మాట్లాడుకునే మాటలు చెవిన పడ్డాయి. తెలుగు. మన యాసే, ఇంకొంచెం పాతది. రాణి భాష, ఆ రాణి సత్రం ముందర ఊడ్చే మనిషి భాష ఒక్కటే. ఇన్నేళ్లు ఈ దారిన నడిచి, సత్రం మనదనుకున్నానుగాని చీపురు పట్టిన చెయ్యి మనదనుకోలేదు.

తమిళనాట అరుంధతీయుల్లో ఎంతోమంది ఇంటి భాష తెలుగు. వారికి 2009లో రాష్ట్ర ప్రభుత్వం షెడ్యూల్డు కులాల 18 శాతంలో 3 శాతం ప్రత్యేకించింది. అలాంటి ఉపవర్గీకరణ చెల్లుతుందని 2024 ఆగస్టు 1న సుప్రీంకోర్టు ఏడుగురు న్యాయమూర్తుల ధర్మాసనం తీర్పునిచ్చింది. ఈ సంగతులు మన సంఘాల వేదికల మీద నేను వినలేదు. భాషా మైనారిటీ హక్కులు అన్నప్పుడు మన గొంతు లేస్తుంది. ఆ మైనారిటీలో మన తర్వాత ఇంకెవరున్నారో లెక్క తీయం.

సత్రం దగ్గర నాకు తట్టిన సంగతి ఇది. అన్నం పెట్టినవాడి పని విస్తరి తీయడంతో ముగుస్తుంది. తిన్నవాడు తర్వాత ఏమయ్యాడని అడగనక్కరలేదు. విద్య అలా కాదు. నేర్చుకున్నవాడు ఆ పనితో నిలబడేదాకా నేర్పడం పూర్తికాదు. మనం శిక్షణను సత్రం పద్ధతిలో నడిపాం. తలుపు తీశాం, విస్తరి వేశాం, రాకపోతే వాళ్ల కర్మ అన్నాం.

తలుపు తీస్తే చాలదని లోకం ఎప్పుడో ఒప్పుకుంది. జర్మనీలో 1969 చట్టం ప్రకారం పని నేర్చుకునే పిల్లవాడికి యజమాని నెలనెలా ప్రతిఫలం ఇవ్వాలి. అమెరికాలో 1964లో మొదలైన జాబ్ కోర్ పేద యువతకు శిక్షణతోపాటు పడక, భోజనం, చేతి ఖర్చు ఇచ్చింది. మన దేశంలోనే, చేతులతో మలం ఎత్తించడాన్ని నిషేధించిన 2013 చట్టం, ఆ పని మానిన కుటుంబంలో ఒకరికైనా శిక్షణ ఇవ్వాలనీ, ఆ కాలంలో నెలకు 3,000 రూపాయలకు తగ్గకుండా భత్యం ఇవ్వాలనీ రాసింది. ఆ మొత్తం చాలదు, అమలు సంగతి వేరు. కాని ఒక్క విషయం చట్టానికి తెలుసు: ఆకలిగొన్నవాడి కాలానికి వెల ఉంది.

ఇది దయ వల్ల చేయవలసిందా, బాకీ తీర్చడమా? నేను బాకీయే అంటాను. నా చేతికి మసి అంటితే కడుక్కుని భోజనానికి కూర్చున్నాను. నా వీధి కడిగిన చేతికి ఆ వీలు ఇవ్వలేదు. నా పిల్లలు పాలిటెక్నిక్ చదువుతున్న రోజుల్లో తెల్లవారకముందే మా కాలువ శుభ్రం చేసినవాళ్ల పిల్లలు ఏ బడికి వెళ్లారో నాకు తెలియదు. నేనెవరి సొమ్మూ దొంగిలించలేదు, నిజమే. అయినా నా శుభ్రత ఒకరి చదువు మీద నిలబడింది. దాన్ని తిరిగి ఇవ్వడం దానమెలా అవుతుంది? పీళమేడు అన్నదమ్ములు నేర్పిన లెక్కలో చెప్పాలంటే, అది అయిదో వాటా.

సంఘంలో ఈ మాటలన్నీ అన్నాను. కొందరికి కోపం వచ్చింది. ఇద్దరు చందా మానుకున్నారు. పెద్దాయన మాత్రం చాలాసేపు ఊరుకుని, “భత్యానికి మొదటి మూడు నెలలు నేనిస్తాను, తర్వాత మీరు చూసుకోండి,” అన్నారు. ఆయన మనసు మారిందో, నా వాగుడు ఆపాలనో నేనడగలేదు. తరగతి మధ్యాహ్నం రెండింటికి మార్చాం, పొద్దుటి పనికి వెళ్లేవాళ్లకు వీలుగా. కాగితం తమిళంలోనూ వేశాం. అందరికీ స్టీలు గ్లాసులే. తాగినవాళ్లు, నాతో సహా, ఎవరి గ్లాసు వాళ్లు కడుగుతారు.

ఆ పిల్లవాడు తిరిగి రాలేదు. అప్పటికే అమ్మ పనిలో అతని పేరు చేరిపోయింది. అతని చేతివేళ్లకు పట్టుబడిన ఆ బిగువు వృథా అయిందన్న సంగతి నన్ను వదలదు. మేం ఏడాది ముందు మేలుకుని ఉంటే అన్నది సమాధానం లేని ప్రశ్న. అదే కాలనీనుంచి ఇద్దరు వచ్చారు, ఒకరు ఆడపిల్ల. ఇప్పటికి నాలుగు నెలలయింది. ఇద్దరూ వస్తున్నారు.

కొత్త కాగితం రాసేటప్పుడు కార్యదర్శి అలవాటుకొద్దీ పైన ‘ఉచితం’ అని పెద్దగా రాశారు. నేను కొట్టేసి, ఆ చోట రోజు భత్యం ఎంతో అంకెల్లో రాయమన్నాను.